జూన్ 5న మొక్కలు నాటకండి, జులైలో రండి

ప్రతి మే నెలాఖరుకీ మా వాట్సాప్ గ్రూపులో ఒకటే హడావిడి. పర్యావరణ దినోత్సవం వస్తోంది, ఎక్కడ నాటుదాం, ఎన్ని నాటుదాం, టీషర్టులు ఏ రంగు, కార్పొరేటర్ గారిని ఎన్ని గంటలకి రమ్మందాం. నేను ప్రతిసారీ ఒకే మెసేజ్ పెడతాను, జూన్ 5న విశాఖపట్నంలో మొక్క నాటొద్దు అని. దాని కింద వరసగా ఏడుపు మొహం బొమ్మలు పడతాయి. పడనివ్వండి. జూన్ 5 అంటే మనకి రోహిణి కార్తె. రోహిణిలో రోళ్ళు పగులుతాయని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఆ ఎండలో, ఆ ఉక్కలో, నర్సరీ నీడలో పెరిగిన అడుగున్నర మొక్కని తెచ్చి డివైడర్ మీద కంకర మట్టిలో పెట్టి ఫొటో దిగి వెళ్ళిపోతే అది జులై చూడదు. అదే మృగశిర వచ్చి, నాలుగు వానలు గట్టిగా పడి, నేల లోపలిదాకా తడిశాక నాటితే సగం నీళ్ళు పైవాడే పోస్తాడు. 1972లో స్టాక్‌హోమ్ సమావేశం మొదలైన రోజు కాబట్టి ఐక్యరాజ్య సమితి ఆ తేదీ పెట్టింది, మన కార్తెలు చూసి పెట్టలేదు కదా.

చాదస్తం అనుకోకండి, నేను చెప్పదలుచుకున్నదంతా దీని చుట్టూనే ఉంది. కార్పొరేషనూ జనమూ కలిసి పనిచేయడం అంటే ఒక ఆదివారం ఒకే చోట నిలబడి ఒకే బ్యానర్ పట్టుకోవడం అన్నట్టు తయారైంది. మిగతా ఏడాదంతా ఎవరు ఏం చెయ్యాలో ముందే తేల్చుకుని, ఎవరి పని వాళ్ళు చేసి, రెండోవాళ్ళు చెయ్యకపోతే మొహమాటం లేకుండా అడగ్గలిగితే అప్పుడు కలిసి పనిచేసినట్టు. మా గ్రూపులో ఏ పేరూ రిజిస్ట్రేషనూ లేవు. రిటైర్డ్ టీచర్లు, ఒక మెకానిక్, ఇద్దరు ముగ్గురు ఇంజనీరింగ్ పిల్లలు, నాలాంటి ఉద్యోగస్తులు, అంతే. అందుకే కాస్త ధైర్యంగా రాస్తున్నాను.

వాతావరణ మార్పు ఢిల్లీ వాళ్ళ గొడవ, మున్సిపాలిటీ కాలవలు తీసుకుంటే చాలని మా బావగారు వాదిస్తారు. కాలవలు తియ్యడమే వాతావరణ పని అని నేనంటాను. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకి అప్పగించదగ్గ పనులు 12వ షెడ్యూల్లో 18 రాసింది. పారిశుద్ధ్యం, వీధి దీపాలు, నీళ్ళ సరఫరా, వాటి పక్కనే పట్టణాల్లో చెట్ల పెంపకం, పర్యావరణ రక్షణ కూడా ఉన్నాయి అందులో. అంటే కాగితం మీద ముప్పై ఏళ్ళ కిందటే ఇది వార్డు పని అయిపోయింది. కాకపోతే మన ఊళ్ళో 2007 తర్వాత కార్పొరేషన్ ఎన్నికలు మళ్ళీ 2021 మార్చిలోనే జరిగాయి. పాత కౌన్సిల్ గడువు 2012లో అయిపోయాక అన్నేళ్ళపాటు వార్డుకి కార్పొరేటర్ అనే మనిషే లేడు. అడగాలంటే ఎవర్ని అడగాలో తెలియని కాలం అది. ఆ అలవాటు తప్పిపోయింది జనానికి, నా అనుమానం ఇప్పటికీ పూర్తిగా తిరిగి రాలేదు. 98 వార్డుల్లో ఎంతమందికి తమ వార్డు సచివాలయంలో శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ అని ఒక ఉద్యోగి ఉంటారని తెలుసో కనుక్కోండి సరదాగా. పెన్షన్ కోసం, సర్టిఫికెట్ల కోసం అదే ఆఫీసుకి పదిసార్లు వెళ్తాం, ఆ టేబుల్ వైపు మాత్రం చూడం.

పెన్షన్ అంటే గుర్తొచ్చింది. కొండ మీద ఇళ్ళకి తడి చెత్త గురించి చెప్పడానికి వెళ్ళి "వలంటీర్లమండీ" అన్నాం. ఒక ముసలావిడ గబగబా లోపలికెళ్ళి ఆధార్ కార్డు పట్టుకొచ్చి చేతిలో పెట్టేసింది. "ఈ నెల పింఛను మీరే ఇత్తారేటి బాబూ?" అని. ఇంటికి పింఛను తెచ్చే ప్రభుత్వ వలంటీర్లం కాదు మామ్మా అని చెప్పడానికి చాలాసేపు పట్టింది. చెత్త మాట ఎత్తే ఓపిక మాకూ లేదు, వినే ఆసక్తి ఆవిడకీ లేదు. ఆ తర్వాత నుంచి కింద వీధివాళ్ళం అని చెప్పుకుంటున్నాం, తలుపులు తొందరగా తెరుచుకుంటున్నాయి.

ఇప్పుడు గెడ్డ సంగతి. మా కాలనీ కొండ కింద ఉంటుంది, పక్కనే గెడ్డ, అంటే కొండ నీళ్ళు సముద్రానికి పోయే వాగు. ఈ ఊరు ఉన్న తీరే అలాంటిది, ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం, మధ్యలో ఇరుగ్గా మనం. కొండ మీద పడ్డ వాన సముద్రం చేరడానికి ఎంతో దూరం వెళ్ళక్కర్లేదు, అందుకే వచ్చేటప్పుడు ఒక్కసారిగా వస్తుంది. పూర్వం వాలు మీద తుప్పలూ చెట్లూ ఉన్నప్పుడు కొంత నీరు నేలలోకి ఇంకేది, ఇప్పుడు పైదాకా ఇళ్ళు, ఇళ్ళ మధ్య సిమెంటు మెట్లు. పైగా గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టి ఉంచుతుంది, అంటే కురిసినప్పుడు ఆ మేరకు ఎక్కువ కుమ్మరించగలదు. గెడ్డ వెడల్పు మాత్రం ఏటేటా తగ్గుతోంది. గోడలు ముందుకి జరుగుతాయి, పూడిక పైకి వస్తుంది, కల్వర్టు దగ్గర కొబ్బరి బొండాలు, థర్మాకోల్, చిరిగిన పరుపులు, ఒకసారైతే సోఫా. సోఫా ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

మొదట్లో మావాళ్ళ ఆలోచన ఏమిటంటే ఆదివారం గ్లౌజులు వేసుకుని అందరం దిగి శుభ్రం చేసేద్దామని. నేను గట్టిగా వద్దన్నాను, శానిటరీ మేస్త్రి అంతకంటే గట్టిగా వద్దన్నారు. గెడ్డలోకి వచ్చేది వాన నీరు ఒక్కటే కాదు, ఇళ్ళ మురుగు కూడా. సీసా పెంకులు, తుప్పుపట్టిన ఇనుము, పాములు. రక్షణ లేకుండా మురుగు కాలవలోకి మనిషిని దించడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, అది జీతం తీసుకునేవాళ్ళకైనా సరే. అలాంటప్పుడు ఉత్సాహంతో వచ్చిన డిగ్రీ పిల్లల్ని దించుతామా? ఇంకో సంగతి కూడా ఉంది, మనం దిగి చేసేస్తే వచ్చే ఏడాది జేసీబీకి డబ్బు ఎందుకు అంటారు. ఉచితంగా చేసిపెట్టే పని బడ్జెట్లోంచి మెల్లగా జారిపోతుంది.

మరి మేం చేసిందేమిటంటే, గెడ్డ ఒడ్డు పొడుగునా నడిచి ఎక్కడ ఆగుతోంది, ఎక్కడ జేసీబీ పడుతుంది, ఎక్కడ పట్టదు, ఏ మలుపు దగ్గర ఇళ్ళలోకి నీరు వస్తుంది అని గీసుకోవడం. పోయిన వానలకి నీరు ఎంతవరకు వచ్చిందో ప్రతి ఇంట్లోనూ చెప్తారు, గోడ మీద మరక చూపిస్తారు, ఆ మరకలన్నీ ఫొటోలు తీశాం. కాగితం పట్టుకుని కార్పొరేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారి దగ్గరికి వెళ్తే ఆయన కాసేపు చూసి, "ఇది మాకు ఉంటే బావుండేదండీ, మేం ఒక్కో ఇంటికీ తిరగలేం" అన్నారు. నిజమే, తిరగలేరు. ఒక్క ఏఈకి ఉండే పనులు చూస్తే మనకే జాలేస్తుంది. ఆయన మాతో మరోసారి నడిచి, మా గీతల్లో రెండు చోట్ల కొట్టేసి (అక్కడ కిందనుంచి పైపు లైను పోతోందట, మాకేం తెలుసు), మూడో చోట కల్వర్టు ముందు ఇనప జాలీ పెట్టిస్తే చెత్త లోపల ఇరుక్కోకుండా బయటే ఆగుతుందని చెప్పారు. జాలీ కార్పొరేషన్ పెట్టింది. జాలీ దగ్గర పేరుకున్నప్పుడు ఫోన్ చెయ్యడం మా వంతు. ఇంతే ఒప్పందం, కాగితం మీద సంతకాలు కూడా లేవు, జాలీకి ఎదురుగా టీ కొట్టు ఉండటం వల్ల నడుస్తోంది, కొట్టతను రోజూ చూస్తాడు కాబట్టి.

అయినా చెత్త వస్తూనే ఉంది. ఎందుకొస్తోందో తెలిసింది మాత్రం కొండ మీద అక్కలతో కూర్చున్నాకే. బుద్ధి లేక పారేస్తున్నారని కింద వీధుల్లో అందరం తేల్చేశాం కదా, మీరొకసారి ఆ మెట్లు ఎక్కండి. చెత్త బండి కింద రోడ్డు దాకానే వస్తుంది. పొద్దున్న ఏడింటికి వస్తుంది. ఆ టైముకి ఆడవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో పనికి ఎంవీపీ కాలనీ వైపు వెళ్ళిపోయి ఉంటారు. చెత్త పట్టుకుని అన్ని మెట్లు దిగి, బండి కోసం నిలబడి, మళ్ళీ ఎక్కే తీరిక ఎవరికుంది? వెనక గుమ్మంలోంచి విసిరితే గెడ్డ. ఒకావిడ అన్నది, "మీకు గుమ్మం ముందుకొస్తాది బండి, మాకేటి, మెట్ల మీదకి ఎగిరొస్తాదా?" దీనికి అవగాహన సదస్సులు పెడితే ఏం లాభం? బండి టైము ఆరింటికి మార్చమని, మెట్ల మధ్యలో చదునుగా ఉన్న చోట డ్రమ్ములు పెట్టి అక్కడినుంచి దింపడానికి ఒక మనిషిని ఇమ్మని అడిగాం. టైము తొందరగానే మారింది. మనిషి విషయం చాలా తిరగాల్సి వచ్చింది, సోమవారం అర్జీలు, మళ్ళీ సోమవారం అర్జీలు. ఇప్పుడు మనిషి ఉన్నాడు, సెలవు పెట్టినప్పుడు మాత్రం డ్రమ్ములు పొంగుతాయి. గెడ్డలో చెత్త పోయిందనను, తగ్గింది.

డ్రమ్ముల్లో తడి, పొడి వేరుగా వెయ్యడం అనేది ఇంకో యుద్ధం. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ఇంట్లోంచి వచ్చే ప్రమాదకర చెత్త మూడూ విడిగా ఇవ్వమన్నాయి. ఎందుకు ఇవ్వాలో జనానికి సరిగా చెప్పరు, శుభ్రత అంటారు, అది సగం సంగతే. తడి చెత్త కాపులుప్పాడ యార్డులో కుప్పగా పడి గాలాడకుండా కుళ్ళితే మీథేన్ పుడుతుంది. ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు వేడి పట్టే వాయువు. నిన్న మిగిలిన సాంబారన్నం కవర్లో కట్టి పొడి చెత్తలో పడేస్తే పొడీ పాడు, చెత్త తగలబెట్టి కరెంటు తీసే ప్లాంటుకి పంపినా నీళ్ళోడుతున్న చెత్త సరిగా మండదు. ఇంటి దగ్గరే ఆపేస్తే ఇన్ని గొడవలు లేవు. అపార్ట్‌మెంట్లలో కంపోస్టు డ్రమ్ములు పెట్టించాం కొన్ని చోట్ల. వాసన వస్తోందని గొడవ, ఎండుటాకులు కలపకపోతే వస్తుంది మరి. పార్కులు ఊడ్చి ఆకులు తగలబెట్టే బదులు సంచుల్లో నింపి ఈ అపార్ట్‌మెంట్లకి ఇవ్వమని పార్కు సిబ్బందితో మాట్లాడుకున్నాం, నాకు బాగా నచ్చిన పని ఇదే, ఎందుకంటే ఎవరికీ కొత్తగా పైసా ఖర్చు లేదు.

చెట్ల దగ్గరికి మళ్ళీ వస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఆ మర్నాటి పొద్దు గుర్తుండే ఉంటుంది, కిటికీ తీస్తే ఎప్పుడూ కనబడని ఇళ్ళు కనబడ్డాయి, మధ్యలో చెట్లు లేక. ఒక్క తుపానుని చూపించి ఇది వాతావరణ మార్పే అనడం సరికాదు, బంగాళాఖాతానికి తుపాన్లు కొత్తేం కాదు. కానీ సముద్రం వేడెక్కేకొద్దీ తుపానుకి బలం తొందరగా చేరుతుంది, అది మాత్రం ఖాయం. ఆ గాలికి తురాయిలు, పచ్చ తురాయిలు, తొందరగా పెరిగి వేళ్ళు లోతుకి దిగనివి ఎన్నో పడిపోయాయి. తాటి చెట్లు చాలాచోట్ల నిలబడే ఉన్నాయి. తాటి చెట్టు నీడ ఇవ్వదనుకోండి, అది వేరే మాట. వేప, కానుగ, పొగడ, నేరేడు, సముద్రం దగ్గరైతే పొన్న, ఇవి నాటమని అడుగుతుంటాం. నర్సరీలో పువ్వులున్నవి, నిలువెత్తువి దొరికితే నాయకులకి అవే నచ్చుతాయి. కరెంటు తీగల కింద రావి పెడితే నాలుగేళ్ళకి లైన్‌మెన్ వచ్చి తల నరుకుతారు, ఆ తర్వాత మనం ధర్నా చేస్తాం, దానికంటే ముందే తీగలు లేని వైపు చూసుకుంటే సరిపోదా?

మేం ఒక వీధి పొడుగునా పెట్టినవి రెండు వానాకాలాలు బతికాయి. మూడో ఏడు ఒక సంస్థవాళ్ళు కేబుల్ కోసం గొయ్యి తవ్వుతూ వేళ్ళతో సహా లేపేశారు, ట్రీ గార్డులు కూడా పక్కన పడేసి. రోడ్డు తవ్వడానికి అనుమతి ఇచ్చే టేబుల్‌కీ మొక్కలు పెట్టించే టేబుల్‌కీ మధ్య మాట లేకపోతే ఏ ఊళ్ళోనైనా జరిగేది ఇదే. మేం ఇప్పుడు నాటిన ప్రతి వరసనీ సచివాలయంలో రాయించి, రోడ్డు కట్ అడిగినప్పుడు అది చూడమని అడుగుతున్నాం. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకునేదాకా అడుగుతాం, వేరే దారి లేదు.

బీచ్ గురించి రాయకపోతే విశాఖవాడివేనా అంటారు. 2022 ఆగస్టు 26న జరిగిన పెద్ద బీచ్ క్లీనింగ్ మీకు గుర్తుండే ఉంటుంది, 20 వేల మందికి పైగా వచ్చారు, 76 టన్నుల ప్లాస్టిక్ తీశామని ప్రకటించారు. అలాంటివి వద్దనను, పిల్లలు ఒకసారి ఇసుకలోంచి ప్లాస్టిక్ ఏరితే షాపులో కవర్ అడగడానికి సిగ్గుపడతారు, కొన్నాళ్ళయినా. కానీ బీచ్‌లో దొరికే ప్లాస్టిక్‌లో చాలా భాగం గెడ్డల్లోంచి వచ్చేదే, పైన జాలీ పెడితే కింద ఏరక్కర్లేదు. ఇంకోటి, శీతాకాలం చివర్నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖవాళ్ళు, వాళ్ళతో కుర్రాళ్ళు రాత్రంతా తిరిగి గుడ్లు సేకరించి హేచరీల్లో పెడతారు. ఇసుక ఎంత వేడిగా ఉందన్న దాన్నిబట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుంది, వేడెక్కితే అన్నీ ఆడవే. హేచరీ మీద నీడ కట్టడం కూడా అందుకే పనికొస్తుంది. ఆ నెలల్లో తెల్లారకముందే ట్రాక్టర్‌తో ఇసుక గీకించే ఏ ఏర్పాటైనా, బీచ్‌లో ఫ్లడ్ లైట్లు పెట్టి చేసే ఏ పండగైనా ముందు ఈ కుర్రాళ్ళని అడిగి చెయ్యాలి. వాళ్ళకి తెలిసినంత ఏ ఆఫీసులోనూ తెలియదు.

పెద్ద పనులు కొన్ని ఉంటాయి, వాటిలో మన పాత్ర ఏమీ ఉండదు, ఉండక్కర్లేదు కూడా. హుద్‌హుద్ తర్వాత ఊరి వీధి దీపాలు ఎల్ఈడీలయ్యాయి, ముడసర్లోవ రిజర్వాయర్ మీద 2 మెగావాట్ల తేలే సోలార్ వచ్చింది. ఏ వలంటీరూ చెయ్యలేడు ఇవి. అలాగే ఏ కమిషనరూ మెట్ల మీద అక్క పొద్దున్న ఎన్నింటికి పనికి వెళ్తుందో కనిపెట్టలేడు. ఇది రెండు వైపులా ఒప్పుకుంటే గొడవలు సగం తగ్గుతాయి.

గొడవలంటే, అవీ ఉంటాయి. మాలో కొందరు కార్పొరేటర్ ఏ పార్టీ అన్నదాన్నిబట్టి వస్తారు, మానేస్తారు. స్టేజీ మీద పేరు చదవలేదని అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. పారిశుద్ధ్య కార్మికులకి మనమంటే మొదట్లో అనుమానం, న్యాయమైన అనుమానం. ఒకావిడ మొహం మీదే అడిగేసింది, "ఏటమ్మా, పొటోలకొచ్చారా, పనికొచ్చారా? పనికైతే రేపూ రండి." మర్నాడు వెళ్ళినవాళ్ళకే ఆవిడ ఫోన్ నంబర్ ఇచ్చింది. మా దగ్గరున్న నంబర్లన్నిట్లోకీ ఎక్కువ పనికొచ్చేది అదే, జాలీ నిండితే అధికారుల కంటే ముందు ఆవిడకే తెలుస్తుంది.

ఇప్పుడు మా ముందున్నది పూడిక సమస్య. గెడ్డ ఏప్రిల్లోనే తవ్వమని అర్జీ పెట్టాం, మే చివర తవ్వితే ఒడ్డున పోసిన మట్టి మొదటి వానకి తిరిగి లోపలికే పోతోంది కాబట్టి. తవ్వుతామన్నారు. తీసిన పూడిక ఎక్కడ ఆరబెట్టాలి, ఎవరి లారీ, ఎన్ని రోజుల్లో ఎత్తాలి అన్నది ఇంకా తేలలేదు. ప్లాస్టిక్ కలిసిన మట్టి కాబట్టి పార్కులకీ పనికిరాదు, రోడ్డు పక్క పోస్తే వీధివాళ్ళు ఊరుకోరు. కొండ ఈ పక్కన రెండు మూడు వారాలు మట్టి ఆరబెట్టుకోడానికి ఖాళీ స్థలం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఏఈ గారు వచ్చి చూస్తామన్నారు. జూన్ 5న మొక్కలకి రమ్మని పిలిచినవాళ్ళందరికీ కూడా ఇదే చెప్తున్నాను, పూడిక ఎత్తే పూట వచ్చి లారీలు లెక్కపెట్టండి, మొక్కలు జులైలో చూద్దాం.